అర ఔన్సు అచ్చులో 3/8 ఔన్సు బుల్లెట్ గుండు పోసుకోవడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, ఇది తుపాకీలో పెట్టే బుల్లెట్ గురించి కాదు, గాలం దారానికి ఎక్కించే బుల్లెట్ గుండు గురించి. ఆకారం అలాంటిదే, లోహం కూడా అదే, కానీ ఇది పోయేది నీళ్ళలోకి. డల్లాస్ చుట్టుపక్కల బాస్ చేపలు పట్టేవాళ్ళకి టెక్సస్ రిగ్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా: దారం మీద సన్నటి ముక్కు ముందుకి ఉండేలా ఒక సీసం గుండు జారుతూ ఉంటుంది, దాని వెనక గాలం, గాలానికి ప్లాస్టిక్ పురుగు. గాలం మొన ఆ పురుగు ఒంట్లోనే దాక్కుని ఉంటుంది కాబట్టి నాచులోంచి లాగినా, మునిగిపోయిన చెట్ల కొమ్మల్లోంచి లాగినా చిక్కుకోదు. గుండు మధ్యలో నిలువునా దారం పట్టేంత బెజ్జం ఉంటుంది. ఆ బెజ్జం సంగతి తర్వాత చాలా తిప్పలు పెడుతుంది, గుర్తుంచుకోండి.

నా అచ్చు ఒక గరాజ్ సేల్‌లో కొన్నది. అల్యూమినియంది, పుస్తకంలా తెరుచుకుంటుంది, లోపల ఆరు గదులు, ఆరూ అర ఔన్సువే. అర ఔన్సు అంటే 14.17 గ్రాములు. లోతు నీళ్ళకి అది బావుంటుంది. కానీ మార్చి, ఏప్రిల్ నెలల్లో రే రాబర్ట్స్ చెరువులో బాస్ గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వచ్చేస్తుంది, మోకాలి లోతు నుంచి నడుం లోతు దాకా ఉండే నీళ్ళలో తిరుగుతుంది, అక్కడ అర ఔన్సు గుండు వేస్తే రాయి విసిరినట్టు బుడుంగుమని పడి నేరుగా అడుగుకి దిగిపోతుంది, చేప బెదిరి పారిపోతుంది. పావు ఔన్సు వేద్దామంటే ఉత్తర టెక్సస్ గాలి సంగతి తెలిసిందే, వేసిన వైపు పోదు. అందుకని నాకు కావాల్సింది మధ్యలో ఉండే 3/8 ఔన్సు, అంటే 10.63 గ్రాములు.

"అన్నా, నువ్వు దీని మీద పెట్టే టైముకి డబ్బా నిండ గుండ్లు కొనుక్కోవచ్చు గదా" అన్నాడు ప్లేనోలో ఉండే మా వరంగల్ తమ్ముడు. కొనుక్కోవచ్చు, అబద్ధమెందుకు. డబ్బు ఆదా చేద్దామని ఈ పనిలోకి దిగేవాళ్ళు ఇక్కడే ఆగిపోవడం మంచిది. నాకు మాత్రం చిన్నప్పుడు కోనసీమలో మా మావయ్య ఇటుకలో గాడి చెక్కి, పాత బ్యాటరీల సీసం కరిగించి విసురు వల అంచుకి గుళ్ళు పోస్తుంటే గట్టు మీద కూర్చుని చూసిన గుర్తు పోలేదు. ఆయన గుండు బరువెక్కువైతే గాడిలో కాస్త బంకమన్ను మెత్తి మళ్ళీ పోసేవాడు. ఇప్పుడు నేను చేసింది కూడా అంతకంటే గొప్ప పనేం కాదు, బంకమన్ను బదులు అల్యూమినియం బిళ్ళ పెట్టాను, అంతే. పాత బ్యాటరీలు మాత్రం మీరు ముట్టుకోకండి, అందులో యాసిడ్ ఉంటుంది, పలకల్లో సీసం కాక వేరే విషాలు కూడా ఉంటాయి, అప్పట్లో ఎవరికీ తెలియక చేశారు.

అచ్చుని ముట్టుకోకుండానే గుండుని తేలిక చేసే దారి ఒకటుంది, లోహం మార్చడం. సీసం ఘనసెంటీమీటరుకి 11.34 గ్రాములు, బిస్మత్ 9.8 దాకా, తగరం 7.3 దాకా ఉంటాయి. అంటే నా అర ఔన్సు గదిలో అచ్చంగా తగరం పోస్తే వచ్చేది 9.1 గ్రాముల గుండు. బిస్మత్ 58 పాళ్ళు, తగరం 42 పాళ్ళు కలిపిన మిశ్రమం 138 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, దాని సాంద్రత 8.6 దగ్గర, అది పోస్తే 10.7 గ్రాములు వస్తుంది. చూశారా, సరిగ్గా 3/8 ఔన్సు! ఆ లెక్క వేసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ పోసి చూశాక రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ఖర్చు, సీసంతో పోలిస్తే బిస్మత్ ధర చూసి గుండె ఆగినంత పనైంది. రెండోది అసలైనది, బరువు తగ్గింది గానీ ఒళ్ళు తగ్గలేదు. అదే లావు గుండు నాచులో దూరడానికి అంతే మొరాయిస్తుంది, పైగా తేలికైపోయింది కాబట్టి నాచుని తోసుకుని దిగేంత బలం కూడా ఉండదు. నాచు లేని చోట వేసుకునేవాళ్ళకి, లేదా సీసం వద్దనే చోట ఉండేవాళ్ళకి మాత్రం ఇదే సరైన దారి. న్యూహాంప్‌షైర్, మసాచుసెట్స్, మెయిన్, వెర్మాంట్, న్యూయార్క్ రాష్ట్రాల్లో చిన్న సీసం గుండ్ల మీద రకరకాల నిషేధాలున్నాయి, లూన్ అనే నీటిపక్షులు వాటిని మింగి చచ్చిపోతున్నాయని. బ్రిటన్‌లో అయితే 1987లోనే ఆపేశారు. అక్కడున్న మనవాళ్ళు అచ్చు కోయడం గిచ్చడం మానేసి తగరం దొరకబుచ్చుకోండి. పాత సామాన్ల దుకాణాల్లో ప్యూటర్ గ్లాసులు, పళ్ళేలు దొరుకుతాయి, ఈ కాలంవి అయితే తొంభై పాళ్ళకి పైగా తగరమే.

ఇక అచ్చు సంగతి. గుండుని తేలిక చేయాలంటే గదిలో ఎక్కడో ఒకచోట జాగా తగ్గించాలి. కొత్తగా చేసేవాళ్ళకి ముందు కళ్ళు పడేది ముక్కు మీద. ముక్కు దగ్గర రెండు మిల్లీమీటర్లు పూడ్చేసినా అర గ్రాముకి మించి పోదు, అక్కడ సీసం ఉంటేగా పోవడానికి. పైగా ముక్కు మొద్దుబారితే అది బుల్లెట్ గుండు కాదు, ఉత్త గుండు. కోయాలన్నా పూడ్చాలన్నా పిర్ర వైపే, అంటే వెనక బల్లపరుపుగా ఉండే లావు వైపు. బరువంతా అక్కడే ఉంటుంది.

ఎంత పూడ్చాలో తెలుసుకోవడానికి ఒక లెక్క, ఒక మోటు పద్ధతి ఉన్నాయి. లెక్క ఇది. నా గుండు పిర్ర అడ్డకొలత 11 మిల్లీమీటర్లు, మధ్యలో బెజ్జం 2 మిల్లీమీటర్లు. అక్కడి వైశాల్యం బెజ్జం తీసేయగా సుమారు 92 చదరపు మిల్లీమీటర్లు, దాన్ని 0.01134తో గుణిస్తే మిల్లీమీటరు మందానికి 1.04 గ్రాములు. నాకు తగ్గాల్సింది 3.54 గ్రాములు, అంటే 3.4 మిల్లీమీటర్లు. కానీ గుండు ముక్కు వైపు పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి రెండో మిల్లీమీటరు మొదటి మిల్లీమీటరంత బరువుండదు, మూడోది ఇంకా తక్కువ. కాబట్టి 3.4 కాదు, ఇంకొంచెం ఎక్కువ. ఎంత ఎక్కువ అన్నది మీ గుండు వంపుని బట్టి.

మోటు పద్ధతి నాకు ఈ లెక్క కంటే ఇష్టం. అచ్చుని అలాగే ఉంచి మామూలుగా ఒక గుండు పోయండి. బాగా వచ్చింది ఒకటి తీసుకుని వెర్నియర్‌తో పొడవు కొలిచి రాసుకోండి, నాది 22.1 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఆ గుండునే పిర్ర వైపు నుంచి అరగదీయండి, నగల తూకం వేసే చిన్న త్రాసు మీద పెట్టి చూస్తూ, 10.6 గ్రాములు వచ్చేదాకా. వచ్చాక మళ్ళీ పొడవు కొలవండి. నాకు 18.5 వచ్చింది. తేడా 3.6. అంతే, మీ బిళ్ళ మందం అది, ఏ సూత్రమూ అక్కర్లేదు. పాడైతే ఒక గుండు పాడవుతుంది, అది మళ్ళీ కుండలోకే పోతుంది, అచ్చు భద్రంగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త, సీసాన్ని పొడిగా అరగదీయకండి, తడి గరుకు కాయితం మీద నీళ్ళు చల్లుకుంటూ రుద్దండి, ఆ నీళ్ళు కిచెన్ సింకులో పొయ్యకండి, గుడ్డతో తుడిచి సంచిలో కట్టి ఊళ్ళో ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోట ఇచ్చేయండి. గాల్లో ఎగిరే సీసం పొడి పీలిస్తే ఒంట్లో చేరి నెమ్మదిగా, గట్టిగా దెబ్బ తీస్తుంది.

ఇంకో మాట. ఈ పని మొదలెట్టే ముందు పది గుండ్లు పోసి పదీ తూచండి. నావి 13.8 నుంచి 14.0 మధ్య వచ్చాయి, ఒక్కటీ 14.17 రాలేదు. అచ్చు మీద రాసే బరువు మెత్తటి సీసానికి రాసేది, నా సీసం కారు చక్రాల బ్యాలెన్సింగ్‌కి తగిలించే టైర్ల బరువు ముక్కలు కరిగించింది, అందులో ఆంటిమొనీ అనే ఇంకో తేలిక లోహం కలిసి ఉంటుంది, అందుకే కాస్త తేలిక. మీరు ఎప్పుడూ వాడే సీసంతోనే ఈ పరీక్ష చేయాలి. టైర్ల ముక్కలు వాడేవాళ్ళు జింకువి ఏరి పారేయాలి కూడా, జింకు 419 డిగ్రీలకి గానీ కరగదు, సీసం 327కే కరిగిపోతుంది కాబట్టి మంట తగ్గించి ఉంచితే జింకు ముక్కలు పైకి తేలతాయి, గరిటెతో తీసేయొచ్చు. పొరపాటున మంట పెంచి కరిగించేశారంటే కుండ మొత్తం గంజి అయిపోతుంది, ఏ అచ్చులోకీ సరిగ్గా దిగదు.

మొదట నేను చేసిన పిచ్చి పని చెప్తా, మీరు చేయకుండా. హార్డ్‌వేర్ షాపులో దొరికే లోహం అతికించే ఎపాక్సీ తెచ్చి గది అడుగున 3.6 మిల్లీమీటర్లు నింపి, రాత్రంతా ఆరబెట్టి, పొద్దున్నే నునుపు చేసి చూసుకుంటే ఫ్యాక్టరీలో చేసినట్టు ఉంది. మూడో గుండుకి గరాజంతా కాలిన ప్లాస్టిక్ కంపు, ఐదో గుండుకి ఎపాక్సీ ముక్క ఊడి గుండుకి అతుక్కుని బయటికొచ్చింది. డబ్బా మీద చదివితే 550 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా అని ఉంది, అంటే 288 సెల్సియస్. సీసం కరగడమే 327 దగ్గర, పోసేది 370, 400 మధ్య. కొనే ముందు చదవాల్సింది కొన్నాక చదివాను.

తర్వాత లావు పిన్ను ఆలోచన వచ్చింది. గుండు మధ్య బెజ్జం చేసే పిన్ను 2 మిల్లీమీటర్లు ఉంటే దాని బదులు 4.8 పెడితే, 22 మిల్లీమీటర్ల పొడవులో మూడున్నర గ్రాములు పైనే తగ్గుతాయి, కాగితం మీద అద్భుతం. కానీ ముక్కు దగ్గర గుండు మొత్తం లావే ఐదు మిల్లీమీటర్లు, అందులో 4.8 పిన్ను పెడితే మిగిలేది ఉల్లిపొర. అది కూడా సరిగ్గా నిండదు, చిరుగులు పడుతుంది. పోనీ ఎలాగో పోశాం అనుకున్నా, అంత పెద్ద బెజ్జంలో దారం ముడి లోపలికి దూరిపోతుంది. పిన్ను లావు చేయడం అర మిల్లీమీటరు, మిల్లీమీటరు దాకా పర్లేదు, అంతకు మించి ఆశ పెట్టుకోకండి.

చివరికి పని చేసింది బిళ్ళ, అంటే మధ్య బెజ్జంలోంచి పిన్ను దూరేలా గదిలో పిర్ర వైపు అడుగున కూర్చునే గుండ్రటి లోహం ముక్క. అల్యూమినియం అచ్చుకి అల్యూమినియం బిళ్ళే చేసుకోండి, ఉక్కు వాషర్ పెడదామనిపిస్తుంది గానీ వద్దు. కారణం ఇది. అచ్చు 200 డిగ్రీలు వేడెక్కిందంటే 11 మిల్లీమీటర్ల గది 0.05 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది, ఉక్కు బిళ్ళ అందులో సగమే పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు బిగుతుగా కూర్చున్న బిళ్ళ వేడికి వదులైపోతుంది, ఆ సందులోకి సీసం కొంచెం కొంచెం చొరబడి రేకులా పట్టుకుంటుంది. ఒకే లోహమైతే రెండూ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి.

నాకు లేత్, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం, లేదు. డ్రిల్ ప్రెస్ ఉంది, దానితోనే చేశాను. 12 మిల్లీమీటర్ల అల్యూమినియం కడ్డీ ముక్క చక్‌లో బిగించి తిప్పుతూ, పక్కనుంచి ఆకురాయి ఆనించి నెమ్మదిగా 11కి దింపాలి. మధ్య బెజ్జానికి ఒక కిటుకుంది: డ్రిల్ బిట్‌ని కింద వైస్‌లో నిలబెట్టి బిగించి, పైన తిరుగుతున్న కడ్డీనే దాని మీదకి దించాలి. కడ్డీ తిరుగుతుంది, బిట్ కదలదు, అప్పుడు బెజ్జం సరిగ్గా నడిమధ్య పడుతుంది. మామూలుగా బిట్ తిప్పుతూ కడ్డీ మధ్య గురి చూసి వేయబోతే ప్రతిసారీ వెంట్రుకవాసి పక్కకి పోతుంది, పిన్ను వంకరగా కూర్చుంటుంది, గుండు నీళ్ళలో తిరుగుతూ దారాన్ని మెలిపెడుతుంది. బెజ్జం పడ్డాక కడ్డీ తిరుగుతుండగానే సన్న రంపంతో నాలుగు మిల్లీమీటర్ల ముక్క దాదాపు తెగేదాకా కోసి, మెషిన్ ఆపి, మిగిలింది చేత్తో కోయండి. తిరుగుతుండగా పూర్తిగా తెగనిచ్చారంటే అది గరాజ్‌లో ఏ మూలకి ఎగిరిందో వారం తర్వాత చీపురికి దొరుకుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి, తిరిగే వస్తువు దగ్గర గ్లవ్స్ వద్దు, చొక్కా చేతులు పైకి మడుచుకోండి.

ఆ ముక్కని గాజు పలక మీద గరుకు కాయితం పరిచి 3.6 దాకా రుద్దండి. అసలు 3.8 దగ్గరే ఆపండి, బిళ్ళని పల్చన చేయడం ఎప్పుడైనా చేయొచ్చు, మందం చేయలేం. అంచుకి కూడా గదిలో ఉన్న వాలు ఇవ్వాలి, గది పిర్ర నుంచి ముక్కు వైపు కొద్దిగా సన్నబడుతుంది కదా. దీనికి మార్కర్ పెన్ను బాగా పనికొస్తుంది. బిళ్ళ అంచంతా నల్లగా రాసి, గదిలో పెట్టి, అచ్చు గట్టిగా మూసి తెరవండి. ఎక్కడ సిరా చెరిగిందో అక్కడ తగులుతోంది, అక్కడ మాత్రమే ఆకురాయితో ఒక్క గీత గీయండి, మళ్ళీ రాయండి, మళ్ళీ మూయండి. ఒక్కో బిళ్ళకి నాకు ఎనిమిది పదిసార్లు పట్టింది. అచ్చు రెండు సగాల మధ్య వెలుతురు కనిపించకూడదు, సెల్‌ఫోన్ లైటు వెనక పెట్టి చూడండి. కనిపిస్తోందంటే బిళ్ళ ఇంకా లావుగా ఉంది, అలాగే పోస్తే ఆ సందులోంచి సీసం కారి ఒళ్ళో పడుతుంది.

బిళ్ళ పిన్నుకి కదలకుండా ఉండాలి. టంకం పెడదామనుకోకండి, సీసం వేడికి టంకం కరిగిపోతుంది. నేను బెజ్జం పిన్ను కంటే ఇసుమంత బిగుతుగా ఉంచి, బిళ్ళని వేడి చేసి పిన్ను ఎక్కించి, చల్లారాక బెజ్జం చుట్టూ పంచ్‌తో మూడు చోట్ల కొట్టాను. ఇప్పుడు పిన్ను లాగితే బిళ్ళ కూడా దానితోనే వస్తుంది. మళ్ళీ అర ఔన్సు కావాలంటే పాత పిన్ను పెట్టుకుంటే సరి, అచ్చు యథాతథం. నా పద్ధతిలో నాకు నచ్చింది ఇదే, వెనక్కి రావడానికి దారుంది.

బిళ్ళ పైముఖం బల్లపరుపుగా కాకుండా చిన్న బొడిపెలా గుండ్రంగా చేస్తే గుండు పిర్ర లోపలికి గుంటపడి వస్తుంది, ప్లాస్టిక్ పురుగు తల అందులో చక్కగా కూర్చుంటుంది. మూడు మిల్లీమీటర్ల ఎత్తున్న అర్ధగోళం బొడిపె పెడితే ఇంకో అర గ్రాము తగ్గుతుంది. బిళ్ళ ఆ మేరకు పల్చగా చేసుకోవాలి. నేను రెండు బిళ్ళలకి చేశాను, మిగతావాటికి ఓపిక లేక వదిలేశాను.

ఇప్పుడు సీసం లోపలికొచ్చే దారి. నా అచ్చులో ఆ గేటు పక్కనుంచి, పిర్రకి కాస్త పైన గదిలోకి తెరుచుకుంటుంది. బిళ్ళ పెట్టగానే అందులో సగం మూసుకుపోయింది. మొదటిసారి అది పట్టించుకోకుండా పోశాను, ఇరవై గుండ్లలో ఒక్కటి కూడా నిండలేదు, ముక్కులు లేకుండా, ముడతలతో, ఎండిన ఉసిరికాయల్లా వచ్చాయి. గేటుని ముక్కు వైపు రెండు మిల్లీమీటర్లు పెంచాలి, సన్నటి గుండ్రటి ఆకురాయితో, రెండు సగాల్లోనూ సమానంగా. ఇదొక్కటే అచ్చుని శాశ్వతంగా కోసే పని, కాబట్టి నాలుగు గీతలు గీసి ఒకసారి పోసి చూస్తూ పోండి. ఒక గదిలో నేను ఉత్సాహం కొద్దీ ఎక్కువ కోసేశాను, ఇప్పుడు ఆ గుండుకి పక్కన బఠాణీ అంత మచ్చ వస్తుంది, ప్రతిదీ కత్తిరించి నునుపు చేయాలి. గేటు అచ్చంగా పిర్ర మధ్యలోంచే వచ్చే అచ్చులు కూడా ఉంటాయి, వాటిలో బిళ్ళ పెడితే గేటు మొత్తం మూసుకుపోతుంది, అలాంటివాటికి ఈ పద్ధతి పనికిరాదు.

పైముఖం తెరిచి ఉండి, దాని మీద పక్కకి జరిగే కోత పలక ఉండే దిమ్మ అచ్చులైతే పని వేరు. అక్కడ గుండు పిర్ర అచ్చు పైముఖం దగ్గరే ఉంటుంది కాబట్టి అచ్చు పైముఖాన్నే అంత మేరకు కోసేస్తే గుండు పొట్టిదవుతుంది. మిల్లింగ్ మెషిన్ ఉన్నవాళ్ళ చేత చేయించుకోండి, రెండు సగాలూ కలిపి బిగించి ఒకేసారి కోయాలి, విడివిడిగా కోస్తే మెట్టు వచ్చేస్తుంది. లెక్క కంటే ముప్పావు వంతే కోయించి, పోసి, తూచి, మిగిలింది ఇంట్లో గాజు పలక మీద 220 నంబరు, తర్వాత 400 నంబరు తడి గరుకు కాయితంతో రుద్దుకోవడం మేలు. కోత పలక బిగించే మర బెజ్జం కూడా ఆ మేరకు లోతు తగ్గుతుంది, మర అడుగుకి తగిలి పలక వదులుగా ఉండిపోతుంది, ఆ మరని కూడా కొంచెం కోసుకోవాలి. ఇది మర్చిపోయి అచ్చు పాడైందని బాధపడేవాళ్ళున్నారు. ఈ రకంలో వెనక్కి దారి లేదు, ఒకసారి కోస్తే కోసినట్టే.

పోయడం గురించి రెండు మాటలే చెప్తా, ఎందుకంటే ఇక్కడిదాకా చదివినవాళ్ళకి పోయడం వచ్చే ఉంటుంది. అచ్చుకి లోపల కొవ్వొత్తి మసి పలచగా పట్టించండి. బిళ్ళ పిన్నులు కూడా అచ్చుతో పాటు వేడెక్కాలి, లేకపోతే వేడి అచ్చులో చల్లటి బిళ్ళ సీసాన్ని ముందే గడ్డకట్టించేస్తుంది, పిర్ర దగ్గర ముడతలు పడతాయి. మొదటి ఐదారు గుండ్లు ఎలాగూ ముడతలే, తీసి కుండలో వేయడమే. ముడతలు తగ్గకపోతే అచ్చు చల్లగా ఉన్నట్టు, గుండు ఒళ్ళంతా మంచు పట్టినట్టు తెల్లగా మసకగా వస్తే మరీ వేడెక్కినట్టు. సీసం చల్లారేకొద్దీ బిగుసుకుని పిన్నుని పట్టేస్తుంది, కాబట్టి గేటు దగ్గర మెరుపు పోయి గడ్డకట్టింది అనిపించాక ఇంకో పది క్షణాలు ఆగి, వేడి మీదుండగానే పట్టకారుతో పిన్ను లాగేయండి. కాఫీ తాగొచ్చి లాగుదామంటే రాదు.

నీళ్ళు. ఇది మాత్రం నెమ్మదిగా చదవండి. కరిగిన సీసంలోకి ఒక్క నీటిబొట్టు పోయినా అది క్షణంలో ఆవిరై కుండలో ఉన్నదంతా పైకి ఎగజిమ్ముతుంది. తడి గరిటె, చెమట, రాత్రంతా బయట పెట్టిన సీసం దిమ్మ మీది మంచు, పక్కన పెట్టుకున్న కోక్ డబ్బా, ఏదైనా సరే. పైన నేను తడి గరుకు కాయితంతో రుద్దమన్న బిళ్ళలు, గుండ్లు కూడా పూర్తిగా ఆరాకే వేడి దగ్గరికి తేవాలి. గరాజ్ తలుపు మొత్తం తెరిచి, వీలైతే బయటే పోయండి, ముఖం మొత్తం కప్పే అద్దం, పూర్తి చేతుల కాటన్ చొక్కా, తోలు బూట్లు. చెప్పులతో పోసేవాళ్ళని నేను చూశాను, ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. పని అయ్యాక బట్టలు మార్చుకోకుండా పిల్లల్ని ఎత్తుకోవద్దు. పిల్లల రక్తంలో డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాముల సీసం దాటితే చాలు పట్టించుకోవాలని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సిడిసి 2021 నుంచి చెప్తోంది, అంటే ఎంత తక్కువో చూడండి. సీసం కరిగించిన గిన్నె, గరిటె మళ్ళీ వంటింటి గుమ్మం తొక్కకూడదు. మా ఇంట్లో ఒక పాత పప్పు గరిటె ఇలా శాశ్వతంగా గరాజ్‌కి వలస వచ్చింది, దాని గురించి ఇప్పటికీ వింటూనే ఉంటాను.

బిళ్ళలన్నీ కుదిరాక పోసిన మొదటి దఫాలో నలభై గుండ్లు తూచాను. 10.3 నుంచి 10.7 దాకా వచ్చాయి, ఒక గదివి మాత్రం అన్నీ 10.9. ఆ బిళ్ళ తీసి కొలిస్తే 3.3 ఉంది, అరగదీసేటప్పుడు మార్కర్‌తో పెట్టుకున్న గుర్తు దాటి రుద్దేశానన్నమాట. కొత్త బిళ్ళ చేయాలి, ఇంకా చేయలేదు, ఆ గుండ్లకి పిర్ర మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టి వేరే డబ్బాలో వేస్తున్నా. బరువు తెలియని గుండు చేతికొస్తే విసిరే అంచనా తప్పుతుంది గానీ, తెలిసిన గుండు పావు గ్రాము ఎక్కువైనా తక్కువైనా చేప త్రాసు పట్టుకుని కూర్చోదు.

ఆరో గదికి బిళ్ళ చేయలేదు. దాన్ని అర ఔన్సుగానే ఉంచాను, ప్రతి దఫాలో ఒక పాత బరువు గుండు పడుతుంది, దాన్ని తూచితే ఆ రోజు సీసం ఎలా ఉందో తెలిసిపోతుంది. 13.9 వస్తే మామూలే. మొన్న ఒకసారి 13.4 వచ్చింది, కుండలోకి ఏ ముక్క పోయిందో ఇంకా వెతుకుతున్నా.